నకళ్ల ఆఫీసులో ఎలుకల వాసన

ప్రాంతీయ నకళ్ల కార్యాలయంలో ఎలుకలకు ఎన్నడూ కొదవ లేదు. పాత దస్తావేజుకో, సర్టిఫికెట్టుకో నకలు కావాలని జనం అర్జీ పెట్టుకుంటే, అసలును వెతికి పట్టుకొని, చూసి రాసి, ముద్ర వేసి ఇవ్వడం ఆ ఆఫీసు పని. అసలు దొరక్కపోతే ‘ఎలుకలు తినివేసినవి’ అని రాసివ్వడమూ ఆ ఆఫీసు పనే. అందుకోసం ప్రత్యేకంగా ఒక రబ్బరు ముద్ర చేయించి పెట్టుకున్నారు. ఆఫీసులో అన్ని ముద్రల కంటే ముందు అరిగిపోయింది అదే.

అలాంటి ఆఫీసుకు, ఎలుకలను తెచ్చి పెంచుకోవచ్చని పైనుంచి ఉత్తర్వు వచ్చిందంటే సుంకులమ్మ మొదట నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకు కారణముంది. ఆ ఆఫీసు ఊడ్చేదీ, నీళ్లు పట్టేదీ, ఎలుకల బోన్లు పెట్టేదీ ఆమే. పదిహేడేళ్లుగా ఆ పని చేస్తున్నా ఇంకా టెంపరరీయే. ఆమెను పర్మనెంటు చేయమని ఫైలు ఏడుసార్లు హెడ్డాఫీసుకు వెళ్లి, ఏడుసార్లూ ఏదో ఒక ప్రశ్న తగిలించుకొని తిరిగొచ్చింది. ఒకసారి వయసు రుజువేదీ అన్నారు. ఇంకోసారి, ఊడ్చే చీపురు ప్రభుత్వానిదా, ఆమె సొంతమా అన్నారు. చివరిసారి మాత్రం, ఈమె పదిహేడేళ్లుగా ఊడుస్తున్నట్టు రుజువుగా ఊడ్చిన చెత్త ఎక్కడ అని అడిగారు. దానికి ఇంతవరకూ ఎవరికీ జవాబు తోచలేదు.

ఎలుకల ఉత్తర్వు సంగతి ఇదీ. హెడ్డాఫీసులో ఒక పెద్దాయన ఏదో చల్లటి ఊళ్లో శిక్షణకు వెళ్లి, పెంపుడు జంతువును నిమిరితే ఉద్యోగులకు రక్తపోటు తగ్గుతుందని విని వచ్చాడు. వచ్చిన వారానికే కాగితం దిగింది. ‘ఉద్యోగుల మానసిక ఒత్తిడిని కాలబద్ధముగాను, ఫలితాధారితముగాను తగ్గించు నిమిత్తము ప్రతి కార్యాలయము సహచర ప్రాణులను పోషించవలెను’ అని అందులో ఉంది.

కార్యాలయాధికారి శేషఫణి గారు వెంటనే సమావేశం పెట్టారు. శేషఫణి గారు మంచి మనిషే, కాకపోతే కాగితం మీద లేనిది ఆయనకు కంటికి ఆనదు. కుక్కను పెంచుదామంటే కరిస్తే బాధ్యత ఎవరిదన్నారు. పిల్లి సంగతి ఎత్తగానే, ఫైలు పట్టుకొని వచ్చేటప్పుడు ఎదురొస్తే పని మొదలుకాదని గుమాస్తాలే వద్దన్నారు. చిలకకు ఆఫీసు రహస్యాలు అంటుకుంటాయి. చేపలకు నీళ్లు కావాలి, ఆ ఆఫీసు కొళాయిలో నీళ్లు మంగళవారం మాత్రమే వస్తాయి. చివరికి ఉత్తర్వు అనుబంధంలో పదకొండో వరసలో ఉన్న తెల్ల ఎలుకలు అందరికీ నచ్చాయి. చేతిలో పట్టేంత ఉంటాయి, మాట్లాడవు, మనిషిని చూస్తే మీసాలు కదిలిస్తాయి.

రెండు తెల్ల ఎలుకలు బోనుతో సహా వచ్చాయి. వాటి బాధ్యత సుంకులమ్మకు అప్పజెప్పారు. ఉదయం పదింటికి రికార్డు గదిలో నల్ల ఎలుకలకు బోను పెట్టడం, పదిన్నరకు హాల్లో తెల్ల ఎలుకలకు శనగలు పెట్టడం ఆమె దినచర్య అయింది. నల్లవాటిని చంపితే ఒక రిజిస్టరు, తెల్లవాటిని బతికిస్తే ఒక రిజిస్టరు. రెండింటిలోనూ ఆమే వేలిముద్ర వేసేది. శేషఫణి గారు ఒకదానికి సహచరి ఒకటి అనీ, రెండోదానికి సహచరి రెండు అనీ పేర్లు పెట్టారు. సుంకులమ్మ మాత్రం పెద్దదాన్ని అటుకులు అనీ, చిన్నదాన్ని బొరుగులు అనీ పిలిచేది. పిలిస్తే అటుకులు వచ్చి ఆమె చెయ్యి ఎక్కి, మోచేతి మడతలో కూర్చునేది. పదిహేడేళ్లలో ఆ ఆఫీసులో ఆమె పిలిస్తే పలికిన మొదటి ప్రాణి అదే, అందుకే దాని మీద ఆమెకు ప్రాణం.

నిజం చెప్పాలంటే, మొదటి మూడు రోజులూ ఆఫీసంతా సంతోషంగా ఉంది. నాలుగో రోజు వాసన మొదలైంది.

వాసన ఎందుకొస్తుందో సుంకులమ్మకు తెలుసు. ఎలుకకు పరుపుగా ఏదో ఒకటి వేయాలి, అది తడుస్తుంది, తడిసినదాన్ని తీసి కొత్తది వేయాలి. చంటిపిల్లను పెంచినవాళ్లెవరికైనా తెలిసిన సంగతే. అయితే శేషఫణి గారు పొదుపు కోసమని, గడువు తీరిన ఆఫీసు కాగితాలనే చింపి పరుపుగా వేయించారు. ఆ కాగితాలను సుంకులమ్మ గంపలోకి ఎత్తి పారబోయడానికి గడప దాటబోతుంటే, సూపరింటెండెంటు ఫక్కీరప్ప పరుగున వచ్చి గంప పట్టుకున్నాడు.

ఇక్కడ ఆ ఆఫీసు ఆచారం ఒకటి చెప్పుకోవాలి. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట ఒక గుమాస్తా బజ్జీలు తిని, చేతులు తుడుచుకున్న కాగితం బయట పారేశాడు. అది ఎవరిదో ఇంటి స్థలం పత్రం. కోర్టు దాకా పోయింది. అప్పటినుంచీ ఆ ఆఫీసులోకి వచ్చిన కాగితం ఏదీ మళ్లీ గేటు దాటదు. దాటాలంటే హెడ్డాఫీసు నుంచి విధ్వంస అనుమతి రావాలి. ఇంతవరకూ ఆ అనుమతి ఒక్కటీ రాలేదు. ఉద్యోగులు ఇంటినుంచి తెచ్చుకున్న పూరీల పొట్లం కాగితాలు కూడా బీరువాల్లో సంవత్సరాలవారీగా భద్రంగా ఉన్నాయి.

చింపిన కాగితం కాగితం కాకుండా పోదని ఫక్కీరప్ప నెమ్మదిగా వివరించాడు. అతను చెడ్డవాడు కాదు, పింఛను దగ్గర పడినవాడు. దాని మీద ఎలుక ఉచ్చ పోసిందనుకో, అప్పుడది ఉచ్చ పోసిన ప్రభుత్వ కాగితం అవుతుందే తప్ప ప్రైవేటు కాగితం కాదు. తీయడానికి లేదు, పారేయడానికి లేదు, ఉన్నచోటి నుంచి కదిలించడానికీ లేదు. కావాలంటే దాని మీద కొత్తవి వేసుకోవచ్చు, ఎందుకంటే చేర్చవద్దని ఏ రూలూ చెప్పలేదు.

సుంకులమ్మ నేరుగా శేషఫణి గారి గదిలోకి వెళ్లింది. “మూడు దినాలకొకసారి తడిసిన కాయితాలు తీసేసి, బోను తుడిచి, శెనక్కాయ పొట్టు ఏస్తే వాసన పోతాది సార్. అంతే, దీనికి ఇంగేమీ లేదు” అంది.

శేషఫణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “సుంకులమ్మా, నువ్వు సమస్యను పరిష్కారం వైపు నుంచి చూస్తున్నావు. కార్యాలయం సమస్యను సమస్య వైపు నుంచే చూడాలి” అన్నారు. ఆ వెంటనే ఆఫీసులో దుర్వాసన ఉన్నదని హెడ్డాఫీసుకు లేఖ పంపారు.

నెల తర్వాత జవాబొచ్చింది. ‘దుర్వాసన ఎంత?’ అని ఒక్క ముక్కే ఉంది అందులో.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. వాసనను కొలవాల్సి వచ్చింది. కొలవడానికి ముక్కు కావాలి. సీనియర్ అసిస్టెంటు తిరుమలయ్యకు ఆఫీసులో గొప్ప ముక్కని పేరు. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో మూత తీయకుండా చెప్పేవాడు, గోంగూర పచ్చడిలో ఎల్లిపాయలు తక్కువైనా పట్టేసేవాడు. ఆయన్ను ఘ్రాణ పరిశీలకుడిగా నియమిస్తూ ఉత్తర్వు జారీ అయింది. వాసనకు ఐదు స్థాయిలు నిర్ణయించారు. తడిసిన గొడుగు ఒకటి. మూసి మరిచిపోయిన టిఫిన్ డబ్బా రెండు. బస్టాండు వెనక గోడ మూడు. అదే గోడ ఎండాకాలంలో అయితే నాలుగు. ఐదోస్థాయి వర్ణించుటకు వీలుకానిది గనుక సాక్షి సంతకం అవసరమని రాశారు. తిరుమలయ్య రోజుకు మూడుసార్లు బోను ముందు నిలబడి, కళ్లు మూసుకొని, గాలి పీల్చి, రిజిస్టరులో అంకె వేసేవాడు. ఆయనకు జలుబు చేస్తే ముందస్తు అనుమతి తీసుకోవాలని నిబంధన కూడా పెట్టారు.

మొదటి వారం నాలుగులు పడ్డాయి. రెండో వారం మూడులు. ఆ తర్వాత అంకెలు ఒకటొకటిగా దిగుతూ వచ్చి, నెల తిరిగేసరికి సున్నా దగ్గర నిలిచిపోయాయి. వాసన తగ్గిందనుకునేరు. బోనులో పరుపు మూరెడు ఎత్తయింది. తిరుమలయ్య ముక్కు దానికి అలవాటుపడింది, అంతే. ఆయన ముక్కే కాదు, ఆఫీసు మొత్తం ముక్కులన్నీ అలవాటుపడిపోయాయి. నకళ్ల కోసం వచ్చిన జనం మాత్రం గేటు దగ్గరే కొంగులూ కండువాలూ అడ్డం పెట్టుకొనేవారు. ఒక ముసలాయన తన పెళ్లి సర్టిఫికెట్టు కోసం వచ్చి, లోపలికి నాలుగడుగులు వేసి, పెళ్లి కాకపోయినా ఫరవాలేదని వెనక్కి తిరిగాడు. ఫిర్యాదు చేసినవాళ్లకు ఫక్కీరప్ప రిజిస్టరు తెరిచి సున్నా చూపించేవాడు. చదువుకున్నవాళ్లు కూడా ఆ సున్నాను చూసి, తమ ముక్కులనే అనుమానించుకుంటూ వెళ్లిపోయేవారు.

ఇంత జరుగుతున్నా శేషఫణి గారు ఊరుకోలేదు. పట్నం నుంచి వాసన నిర్వహణ నిపుణుడొకడిని పిలిపించారు. అతను తెర మీద బొమ్మలు వేసి, లోకంలో దుర్వాసన అనేదే లేదనీ, అవగాహన లేని ముక్కులు మాత్రమే ఉన్నాయనీ రెండు గంటలు చెప్పాడు. పోతూ పోతూ సంపెంగ వాసన సీసాలు డజను ఇచ్చి, గంటకోసారి బోనులో కొట్టమన్నాడు. కొట్టిన మర్నాటికి ఎలుకలు రెండూ తుమ్మడం మొదలుపెట్టాయి. అటుకులు తుమ్మితే దాని ఒళ్లంతా ఎగిరిపడేది. ఎలుకల ఊపిరి సున్నితం, పొగకూ సెంటుకూ తట్టుకోదు. సుంకులమ్మకు కడుపు మండి ఆ సీసాలన్నీ పట్టుకుపోయి మరుగుదొడ్డిలో పెట్టింది. అగరుబత్తులు వెలిగిద్దామని ఎవరో అన్నారు గానీ, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, అన్ని కాగితాల మధ్య అదేం పనని ఫక్కీరప్పే వారించాడు.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. ఎలుకలకు శనగలు మంజూరు కావాలంటే వాటికి ఉద్యోగి సంఖ్య ఉండాలట. సంఖ్య ఉండాలంటే సర్వీసు పుస్తకం ఉండాలి. కనుక రెండు ఎలుకలకూ రెండు సర్వీసు పుస్తకాలు తెరిచి, హోదా దగ్గర ‘సహచర సిబ్బంది’ అని రాశారు. పుట్టుమచ్చల దగ్గర తోక పొడవు రాశారు. వేలిముద్ర బదులు పాదముద్ర వేయించారు. అప్పటికి అటుకులు ఆ ఆఫీసులో చేరి మూడు నెలలు. పదిహేడేళ్లు ఊడ్చిన సుంకులమ్మకు సర్వీసు పుస్తకమంటే ఏ రంగు అట్టతో ఉంటుందో ఆ రోజే తెలిసింది.

పుస్తకంలో చివరి గడి, ‘ఉద్యోగిపై ఆధారపడినవారు’ అన్నది. ఖాళీగా వదిలితే హెడ్డాఫీసు ఒప్పుకోదు. ఫక్కీరప్ప కలం పట్టుకొని లెక్క వేశాడు. బోను శుభ్రం చేయడానికి మనిషి కావాలన్న కారణం మీదే ఇప్పుడు సుంకులమ్మను పనిలో కొనసాగిస్తున్నారు. ఎలుక ఉంటే ఆమె ఉంటుంది, లేకుంటే లేదు. కాబట్టి లెక్కప్రకారం ఎలుక మీద ఆధారపడింది ఆమే. రెండు పుస్తకాల్లోనూ రాస్తే ఒకే మనిషి రెండుచోట్ల అంటారని, పెద్దదైన అటుకుల పుస్తకంలో ఆమె పేరు రాసి, బొరుగుల పుస్తకంలో పెన్సిలుతో ‘తర్వాత’ అని రాశాడు.

అలా ఏడాదిన్నర గడిచింది. బోనుకు రెండోదీ మూడోదీ అంతస్తులు కట్టారు. కింద రెండంతస్తులూ కాగితాలే, ఎలుకలు పైకప్పుకు మీసాలు ఆనుకుంటూ తిరిగేవి. అటుకులకు వయసు మీదపడింది, వెనక కాళ్లు ఈడ్చేది. సుంకులమ్మ శనగలు నానబెట్టి, నలిపి పెట్టేది.

ఆ వేసవిలో డైరెక్టరు గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. వాసన సున్నా సాధించిన ఏకైక కార్యాలయమని రాష్ట్రంలో పేరు పడిపోయింది మరి. శేషఫణి గారు సుంకులమ్మను పిలిచి మాట స్పష్టంగా చెప్పారు. డైరెక్టరు గారి ముక్కుకు వాసన తగలకపోతే ఆమె ఫైలు ఎనిమిదోసారి, తన సొంత సిఫారసుతో పంపుతారు. తగిలిందా, మర్నాటినుంచి ఆమె రానక్కర్లేదు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఇంకెక్కడికని పోయి చీపురు పట్టుకుంటుంది.

తనిఖీ సోమవారం. మధ్యలో రెండో శనివారం, ఆదివారం వచ్చాయి. సుంకులమ్మ శనివారం పొద్దున్నే వచ్చి ఆఫీసు తాళం తీసింది. పదకొండు గంపల కాగితాలు బోనులోంచి తవ్వి తీసింది. కాగితం గేటు దాటకూడదన్న మాట ఆమెకు బాగా గుర్తుంది, దాటించలేదు కూడా. ఆఫీసు వెనక కరివేపాకు చెట్టుంది, ఏళ్లుగా పిడికెడు ఆకైనా వేయకుండా ఎండకు కమిలిపోయిన చెట్టు. దాని చుట్టూ గుంత తీసి, పదకొండు గంపలూ పోసి, మన్ను కప్పి, మంగళవారం తొట్టిలో పట్టి ఉంచిన నీళ్లు పోసింది. బోను కడిగి, ఎండబెట్టి, మిల్లు నుంచి తెచ్చిన శెనక్కాయ పొట్టు మెత్తగా పరిచింది. పాత కాగితం మాత్రం ఒక పిడికెడు మూలన ఉంచింది. అంతా ఒక్కసారిగా మార్చేస్తే ఎలుకలు తమ ఇల్లు కాదనుకొని బెదురుతాయనీ, మళ్లీ అంతా తడిపిపెడతాయనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకుంది. అటుకులు పొట్టులో పొర్లి పొర్లి, చాలాకాలం తర్వాత ఆదమరిచి నిద్రపోయింది. ఆదివారం కిటికీలన్నీ తెరిచి నేల కడిగింది. ఆఫీసులో గాలి ఆడింది.

సోమవారం తొమ్మిదిన్నరకు తిరుమలయ్య వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టి ఠక్కున ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు, మళ్లీ ఎగబీల్చాడు. ముఖం పాలిపోయింది. ఏదో వాసన వస్తోందన్నాడు. తన జీవితంలో ఎరగని వాసన, ఇంతకాలం లేని వాసన, వర్ణించడానికి వీలుకాని వాసన. గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి, అవునవునని తలలు పట్టుకున్నారు. ఒకామె కళ్లు తిరిగి బల్ల మీద కూలబడింది. వాళ్లకు తగిలింది వట్టి గాలి. ఏడాదిన్నరగా దాని వాసన మరిచిపోయారు. తిరుమలయ్య రిజిస్టరులో ఐదు వేశాడు. ఫక్కీరప్ప సాక్షి సంతకం పెట్టాడు.

పదకొండు గంటలకు డైరెక్టరు గారు వచ్చారు. బోను ముందు నిలబడి ఊపిరి పీల్చి, ఏ వాసనా లేదే అన్నారు. సుంకులమ్మ స్తంభం చాటున నిలబడి దండం పెట్టుకుంది. అంతలో ఆయన చేతికి రిజిస్టరు వచ్చింది. ఏడాదికి పైగా సున్నాలు, ఈ ఉదయం సాక్షి సంతకంతో సహా ఐదు.

డైరెక్టరు గారు ఆ అంకె మీద వేలు ఆనించారు. “నా ముక్కు వ్యక్తిగతమైనది. రిజిస్టరు ప్రభుత్వానిది. ఈ రెండింటి మధ్య భేదం వచ్చినప్పుడు నేను నా ముక్కును ఉపసంహరించుకుంటున్నాను” అన్నారు. జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. అందరూ రుమాళ్లు పెట్టుకున్నారు. ఆ ఆఫీసులో గాలి శుభ్రంగా ఉన్న ఒకే ఒక్క రోజున అందరూ ముక్కులు మూసుకొని తనిఖీ పూర్తిచేశారు.

దుర్వాసనకు కారణం వెతికితే పరుపు మారిందని తేలింది. పరుపు మారిందంటే పాత పరుపేదీ అని ప్రశ్న వచ్చింది. సుంకులమ్మ దాచలేదు, కరివేపాకు చెట్టు చూపించింది. సాయంత్రానికి ఆమె చేతికి మెమో ఇచ్చారు. పదకొండు గంపల ప్రభుత్వ రికార్డులను అనుమతి లేకుండా నాశనం చేసి, కార్యాలయమందు ఐదవ స్థాయి దుర్వాసన కలిగించినందున, నిన్ను ఎందుకు తొలగించకూడదో ఏడు రోజుల్లోగా చెప్పుకోమని ఉంది.

సుంకులమ్మకు అది చదివి వినిపించింది ఫక్కీరప్పే. “చెప్పుకోనీకి నాకేముందన్నా, కంపు కొడతాంటే కడిగినా” అని ఆమె ఆ కాగితం మడిచి రొంటిన పెట్టుకుంది. ఇంటికి పోయి ఏడ్చింది. ఉద్యోగం పోతుందని కొంత ఏడిస్తే, తను లేకపోతే అటుకులకు శనగలు నలిపి పెట్టేదెవరని ఇంకొంత ఏడ్చింది.

ఆ విచారం ఎక్కువ రోజులు పడాల్సిన పని లేకపోయింది. ఐదో రోజు పొద్దున ఆమె వెళ్లి పిలిస్తే బొరుగులు ఒక్కటే లేచింది. అటుకులు పొట్టులో ముడుచుకొని పడుకున్నది పడుకున్నట్టే ఉంది, ఒళ్లు చల్లబడింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ముసలితనమే, సుఖంగా పోయిందన్నాడు. సుంకులమ్మ దాన్ని మోచేతి మడతలో పెట్టుకొని కరివేపాకు చెట్టు కిందికి తీసుకుపోయింది.

లోపల ఫక్కీరప్ప సర్వీసు పుస్తకం మూసేయబోయి ఆగాడు. సహచర సిబ్బంది సర్వీసులో ఉండగా మరణించింది. సర్వీసులో ఉండగా మరణించినవారి ఫైలుకు వేరే దారి ఉంటుంది. దానికి ఎర్ర చీటీ కడతారు, అది ఏ బల్ల మీదా మూడు రోజులకు మించి ఆగకూడదు, ఆగితే ఆపినవాడు సంజాయిషీ రాసుకోవాలి. ఆధారపడినవారు ఎవరని పుస్తకం చూస్తే సుంకులమ్మ అని ఉంది, తను రాసిందే. శేషఫణి గారు చూసి, రూలు ఏమంటుందన్నారు. కారుణ్య నియామకం అంటుందని ఫక్కీరప్ప చెప్పాడు. కాగితం మీద ఉంది కనుక శేషఫణి గారి కంటికి ఆనింది, సంతకం పెట్టేశారు.

ఆ వారమే ఆమెకు చావు పలకరింపుల మర్యాదలన్నీ జరిగాయి. సంతాప సభ పెట్టారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. అటుకుల ఫొటోకు తిరుమలయ్య చేమంతుల దండ వేశాడు. హెడ్డాఫీసు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చి ఫారం తెరిచి, “మృత ఉద్యోగితో నీ సంబంధమేమి?” అని అడిగాడు.

సుంకులమ్మ చేతులు చూసుకుంది. “పద్దెనిమిదేండ్లు ఈ ఆపీసుకు నేనేమైతానో ఎవురూ అడగల్యా సామీ. ఎలకకు నేనేమైతానని ఒక్కదినంలో అడిగితిరి. అది నేను పిలిస్తే వచ్చేది. అంతే రాసుకో” అంది. ఆయన ‘దగ్గరి బంధువు’ అని రాసుకున్నాడు.

ఏడుసార్లు తిరిగొచ్చిన పద్దెనిమిదేళ్ల ఫైలు బీరువాలోనే ఉండగా, ఎలుక ఫైలు ఇరవై రెండు రోజుల్లో పోయి ఉత్తర్వుతో వచ్చింది. మరణించిన సహచరి ఒకటిపై ఆధారపడిన శ్రీమతి సుంకులమ్మను అటెండరుగా పర్మనెంటు పోస్టులో నియమించడమైనది. ఆమె మీద నడుస్తున్న మెమో సంగతేమిటని తిరుమలయ్య గుర్తుచేశాడు. ఆ మెమో టెంపరరీ సుంకులమ్మ మీద ఇచ్చింది, టెంపరరీ సుంకులమ్మ అన్న మనిషి ఇప్పుడు ఆఫీసులో లేదని ఫక్కీరప్ప రాసి, మెమో ఆఫీసు ప్రతిని బీరువాలో పూరీల పొట్లం కాగితాల పక్కన భద్రపరిచాడు.

పర్మనెంటు అటెండరు బోను కడగకూడదు, అది హోదాకు తక్కువ. కనుక కడగడానికి ఇంకో మనిషిని తీసుకున్నారు. లింగమ్మ అని, నలభై దాటిన మనిషి, మొగుడు పోయి పక్క ఊరినుంచి వచ్చింది. టెంపరరీ. వచ్చిన మొదటి రోజే సుంకులమ్మ ఆమెను వెనక్కి తీసుకుపోయి కరివేపాకు చెట్టు చూపించింది. చెట్టు ఇప్పుడు గుబురుగా ఉంది, శేషఫణి గారింటికి కూడా రోజూ నాలుగు రెబ్బలు పోతున్నాయి.

“మూడు దినాలకొకసారి తియ్యి. పిడికెడు పాతది మూలన ఉండనియ్యి, లేకుంటే బెదురుతాది. తీసింది ఈడ పొయ్యి. ఎవుర్నీ అడగొద్దు, అడిగితివా కంపు కొడతాది” అని చెప్పింది.

తర్వాత లోపలికి వచ్చి బీరువా తెరిచింది. పర్మనెంటు అటెండరు కదా, బీరువా తాళం ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది. చిన్న పాదముద్రను బట్టి బొరుగుల సర్వీసు పుస్తకం తీసి, చివరి గడి దగ్గర పెన్సిలుతో ఉన్న ‘తర్వాత’ అన్న మాటను రబ్బరుతో శుభ్రంగా చెరిపింది. ఫక్కీరప్ప ముందు పుస్తకం పెట్టి, ఇంకు పెన్ను చేతికిచ్చింది.

“లింగమ్మ అని రాయన్నా. ఇంటిపేరుతో రాయి.”